సైనికుని బత్తెము

బత్తెమను మాట నెఱుగని గ్రామవృద్ధు లుండరు. పూర్వము పెండ్లిపల్లకికి బోయీలను కుదుర్చుకొనునపుడు కూలి యింత, బత్తెమింత యని వేఱువేఱుగ మాటాడుకొనుట యాచారము. వ్యాజ్యములో సాక్షిగ పిలిపించిన వానికి దారిబత్తెము పెట్టుట పిలిపించిన వాని విధి. కూలి చేసిన పనికి, బత్తెము పొట్టకు. తన యింట వండుకొని తిను వీలు లేని చోటికి ఒకనిని మన పనికై తీసికొనిపోయినపుడు వాని పూట గడపు భారము మనదియే యను న్యాయ మీ చిన్న మాటలో నిమిడియున్నది.

నాట్లు వేయించు రైతును తలచుకొనుడు. పొలము ఊరిప్రక్కనే యున్నయెడల కూలివారు మధ్యాహ్నమున ఇండ్లకు పోయి తిని వత్తురు. పొలము రెండు కోసుల దూరమున నున్నయెడల రైతే కావడిమీద అన్నము పంపును. అట్లు పంపిన అన్నమునకు సాయంకాలము కూలిలో విఱుచుకొను రైతును గూర్చి ఊరివా రేమని చెప్పుకొందురో మీ రెఱుగుదురు. అయినను ప్రపంచములోని గొప్ప రాజ్యములు పెక్కు తమ సేనలయెడ సరిగ నీ పనినే చేసినవి. భటుని కవాతుకై, యుద్ధాభ్యాసమునకై ఊరికి దూరముగ నడిపించుకొనిపోయి, డేరాలలో నుంచి, అచట పెట్టిన కూటికి వాని జీతములో సొమ్ము పట్టుకొనినవి. ఈ యాచార మెంత ప్రాచీనమో, ఎట్లు మాఱినదో, మన కాలమునకు ఏ రూపమున వచ్చినదో ఈ ప్రసంగమున విన్నవించెదను.

మన ప్రాచీనుల మాట మొదట చెప్పవలెను. సంస్కృతమున భక్తమనగా అన్నము. అమరకోశమున అన్నపర్యాయములలో నది చేరియున్నది. కౌటిల్యుడు సేవకుల కీయవలసినదానిని చెప్పునపుడు భక్తవేతనమని జంటమాటను వాడును. అనగా కూడు ఒకటి, జీత మొకటి. అఱువది పణముల వేతనమునకు ఒక ఆఢకము చొప్పున లెక్కగట్టి, జీతమునకు తగినట్లు కూటిని ఏర్పఱుపవలెనని యాతడు పరిమాణమును గూడ చెప్పినాడు. రామాయణమున చిత్రకూటమునకు వచ్చిన భరతుని రాముడు రాజ్యక్షేమమును గూర్చి యడిగిన ప్రశ్నలలో సేనకు కూడును జీతమును వేళకు ముట్టుచున్నవా యనునది యొకటి. భారతమున నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలోను ఈ విచారణయే కలదు. ఈ గ్రంథము లన్నిటను రెండు మాటలు జంటగ నడచుటయే కాని, ఒకదానిలోనుండి మఱొకదానిని తీసివేయుట కానరాదు. ఆ కాలపు రాజులందఱు నీ నియమమును పాలించిరని నే ననుటలేదు. శాస్త్రము మాత్ర మట్లున్నది.

తీసివేయుట యన నేమో స్పష్టముగ చూడవలెనన్న రోమునకు పోవలెను. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దిలో పొలిబియసు అను గ్రీకు చరిత్రకారుడు రోమక సేనావిధానమును సవిస్తరముగ వ్రాసెను. కాల్బంటునకు దినమునకు రెండు ఒబోలులు, శతాధిపతికి అందులకు రెట్టింపు, రౌతునకు ఒక ద్రాక్మా, అనగా ఆఱు ఒబోలులు జీతము. కాల్బంటునకు నెలకు మన లెక్కలో ఇంచుమించు 26 కిలోల గోధుమలు. రోమునకు తోడ్పడుటకు వచ్చిన ఇటలీలోని మిత్రనగరముల భటులకు ఈ ధాన్య ముచితము. రోమక పౌరుడైన భటునికో, ధాన్యమునకు, బట్టకు, కావలసి యడిగిన ఆయుధమునకు కోశాధికారి వెలగట్టి జీతములో పట్టుకొనును. చుట్టమునకు విందు, కొడుకునకు లెక్క!

ఇది విన్నవెంటనే వింతగ తోచును గాని కారణము లేకపోలేదు. మిత్రభటులకు జీతము వారివారి నగరములే యిచ్చుకొనెడివి. రోము పెట్టునది ధాన్య మొక్కటియే. రోమక భటునకు జీత మిచ్చు చేయియే ధాన్యమును గూడ కొలుచుచుండెను. రెండును ఒక్క చేతిమీదుగ జరుగుచోట, ఒకదానిలో మఱొకదానిని సర్దివేయుట గుమాస్తాకు సుకరము. ఈ మాటను శ్రోతలు జ్ఞాపక ముంచుకొనవలెను. తరువాతి దేశములలోను కోత పుట్టినచోట నెల్ల ఈ సుకరతయే దాని మూలమని నాకు తోచుచున్నది.

రోమక చక్రవర్తుల కాలమునకు ఈ సర్దుబాటు పూర్తి లెక్కగ మాఱినది. క్రీ. శ. 14లో, అగస్టసు చక్రవర్తి మరణించిన వార్త వినగనే, డాన్యూబు ప్రాంతమున పన్నోనియాలో నున్న మూడు దళములు తిరుగబడినవి. ఆ భటుల మొఱలలో దినమునకు పది ఆసులు జీతమిచ్చి, బట్టలకు, ఆయుధములకు, డేరాలకు అందులోనుండియే వసూలు చేయుచున్నారనునది ముఖ్యమని టాసిటసు వ్రాసెను. డేరా వెలను అందులో నిద్రించు భటుని నుండియే పుచ్చుకొనుట! ఈ మొఱలు వారి నోటిమాటలు. లెక్కపత్రము వేఱొకచోట దొరకినది.

ఈజిప్టు ఎండుమట్టిలో కప్పబడి, నాశము గాక నిలిచి, ఇప్పుడు జెనీవా నగరమున నున్న పపైరసు కాగితమొకటి కలదు. కాలము క్రీ. శ. 81. అందు క్వింటసు జూలియసు ప్రోకులసు అను భటుని సంవత్సరపు జమాఖర్చు వ్రాయబడియున్నది. మన కరణాల చిట్టాలను చూచినవారి కది క్రొత్తగ తోచదు. జీతము మూడు వాయిదాలు. ప్రతి వాయిదాకు 248 ద్రాక్మాలు జమ. మొదటి వాయిదాలో ఖర్చు: గడ్డికి 10, కూటికి 80, చెప్పులకు వారులకు 12, శిబిరమున జరిగిన సాటర్నాలియా పండుగకు 20, బట్టలకు 60. మొత్తము 182. మిగులు 66. పూర్వపు నిలువ 136 కలుపగా 202. రెండవ వాయిదాలో గడ్డి, కూడు, చెప్పులు యథాప్రకారము. ధ్వజముల నిధికి 4. మిగులు 142. మూడవ వాయిదాలో బట్టలక్రింద 146 పడినవి. కూడు, గడ్డి, చెప్పులతో నది సరిగ 248 అయినది. మిగులు సున్న. నాలుగు నెలలు రాజసేవ చేసిన భటునకు ఒక్క కాసైనను చేతికి రాలేదు.

కాల్బంటునకు గడ్డి యేల యని శ్రోతలకు సందేహము కలుగును. ఒక్క డేరాలోని వారందఱికి సామాను మోయు కంచరగాడిద యొకటి యుండెడిదనియు, దాని మేతకు వంతులు వేసికొనిరనియు కొందఱు పండితు లూహించిరి, పఱుపునకని మఱికొందఱు. అది యెట్లున్నను, నాకు ముఖ్యముగ తోచునది కూటి పద్దు. సంవత్సరమునకు 744 ద్రాక్మాల జీతములో కూటికి 240, ఇంచుమించు మూడవవంతు. ఆ పద్దు మూడు వాయిదాలలోను 80 గనే యున్నది. ఆ నాలుగేసి నెలలలో ప్రోకులసు ఎన్ని పూటలు తినెనో, ఏమి తినెనో, కోటలో నుండెనో బయట నుండెనో, ఆ విచారణ చిట్టాలో లేదు. కూడు కొలచి పెట్టినది కావచ్చును. సొమ్ము మాత్రము కొలువక పట్టినది.

రోమక సేనలో క్షేత్రశిక్షణ మన కవాతులవంటిది గాదు. ఆయుధములను మూటలను మోసికొని పది మైళ్లు పోయి పది మైళ్లు తిరిగి వచ్చు నడక నెలకు మూడు మాఱులు చేయింపవలెనని వెజీషియసు వ్రాసెను. హేడ్రియను చక్రవర్తి సేనల శిక్షణమునందు మిక్కిలి శ్రద్ధగలవాడు. క్రీ. శ. 128లో ఆఫ్రికాలోని లాంబీసిసులో భటుల అభ్యాసములను స్వయముగ పరీక్షించి ఆయన చేసిన ప్రసంగములు శిలాశాసనముగ నేటికి నున్నవి. ఆయన శిబిరమున నున్నప్పుడు భటులు తినునదియే, అనగా ఉప్పుమాంసము, జున్ను, పులిసిన ద్రాక్షరసము కలిపిన నీరు, అందఱి యెదుటనే భుజించెడివాడని ఆయన చరిత్రలో నున్నది. ప్రభువు భటుని కూడు తినుట గొప్ప సంగతియే. అయితే ఆ పంక్తిలో కూర్చున్న వేలమంది తమ కూటికి తామే సొమ్మిచ్చుకొనిరని మనము మఱువరాదు.

ఇక ఇంగ్లండు. నడుమ వేయియేండ్లకు పైగ దాటిపోవుచున్నాను. ఆ కాలములలో ఐరోపా సేనలు చాలవఱకు త్రోవలోని గ్రామములను దోచి తినినవి గనుక కూటి లెక్క భటునిది గాదు, రైతుది. స్థిరసైన్యము లేర్పడిన పిదప లెక్క మరల భటునిమీదికి వచ్చినది. 18వ శతాబ్దిలో ఆంగ్ల కాల్బంటునకు దినమునకు 8 పెన్నీలు. అందు 6 పెన్నీలకు గ్రాసవ్యయమని పేరు; మిగిలినది బట్టలు మొదలగు పద్దులక్రింద పైవారి చేతిలోనే నిలిచిపోవును. 1797లో నౌకాభటులు ఓడలలో తిరుగబడగా, ఆ జ్వాల కాల్బలమునకు తగులునను భయముచే ప్రభుత్వము జీతమును దినమునకు ఒక షిల్లింగు, అనగా 12 పెన్నీలు, చేసెను. సేనలో చేరుటకు ‘రాజుగారి షిల్లింగు పుచ్చుకొనుట’ యని లోకములో వాడుక. ఆ షిల్లింగులో భటుని చేతికి వచ్చున దెంతయన్నది అతడు చేరిన తరువాత తెలిసికొను సంగతి.

దినమునకు ఒక పౌను రొట్టె, ముప్పాతిక పౌను మాంసము. ఆ తూకము ఎముకతో గూడ. వీనికి జీతములో కోత. కూర, తేయాకు, చక్కెర, ఉప్పు మొదలగువానికి వేఱొక కోత. బట్టలు చాకలికి వేసినందులకు, బారకులో నేమైన విఱిగినయెడల అందులకు నింకొకటి. ఉదయమున నొకపూట, మధ్యాహ్నమున నొకపూట పెట్టి, మఱునాటి ఉదయము వఱకు కడుపు మాడ్చెడివారు. సాయంకాలపు మూడవ పూట 1840 తరువాతి దశాబ్దిలోగాని స్థిరపడలేదు. కోత లెన్నియైనను దినమున కొక్క పెన్నీ భటుని చేతికి తప్పక రావలెనని యొక నియమము చేసిరి. ఆ నియమమును ప్రభుత్వము దయగ చెప్పుకొనెను. పండ్రెండింట నొకటియైనను మిగులనిండని చట్టము చేయవలసిన స్థితి యేర్పడుటయే ఆ ఖాతాలను గూర్చి చాలినంత చెప్పుచున్నది.

శాంతికాలమున వేలకొలది భటులను డేరాలలో నుంచి యుద్ధమువలె అభ్యాసము చేయించుట ఇంగ్లండున 1853లో చోభమ్ మైదానమునందలి శిబిరముతో ప్రసిద్ధికెక్కినది. పిమ్మట ఆల్డర్‌షాటు దండు వెలసినది. 1871లో శరత్కాలపు పెద్ద విన్యాసము లారంభమైనవి. 1873లో రొట్టెకు మాంసమునకు కోత మానివేసిరి. విన్యాసముల వలననే మానిరని చెప్పుటకు వీలులేదు. భటులు చేరుట తగ్గి, చేరినవారు పాఱిపోవుట హెచ్చి, షిల్లింగు మాటలోని మోసము పల్లెలందెల్ల తెలిసిపోయినదనుట నిజమునకు దగ్గఱ. అప్పటికిని తేయాకు, కూరల కోత నిలిచియే యున్నది. దానికి బదులు దినమునకు మూడు పెన్నీల భోజనభత్యము 1898లో వచ్చెను. 1797 నుండి 1898 వఱకు నూటయొక్క సంవత్సరములు.

ఈ యింగ్లీషువారే మన దేశమునకు వచ్చి సిపాయిలను చేర్చుకొనినపుడు కథ వేఱు త్రోవ పట్టినది. కంపెనీ సిపాయికి వండి పెట్టలేదు. పెట్టినను తినువాడు లేడు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి కుండ వారిది. 19వ శతాబ్దిలో చాలకాలము సిపాయి జీతము నెలకు 7 రూపాయలు. అందులోనే బియ్యము, పప్పు, కట్టెలు. దండువెంట బజారు నడచును. పెద్ద దండయాత్రలలో ధాన్యపు ఎడ్లను తోలుకొని లంబాడీలు వత్తురు. 1791, 92 సంవత్సరములలో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణముమీదికి పోయినపుడు ఆ సేన కడుపు నింపినది చాలవఱకు లంబాడీల ఎద్దులే. కాబట్టి కోత యను మాట యిచట పుట్టలేదు. సిపాయి తన జీతముతో తన తిండి తానే కొనుక్కొనును.

ఊరిలో, దండు నిలుకడగ నున్నచోట, ఇది బాగుగనే జరిగినది. కాని పటాలమును నూఱు మైళ్ల దూరము నడిపింపగ బియ్యపు ధర రెట్టింపగును. అణా బియ్యము రెండణాలు. అందులకై కంపెనీవారు మన మాటనే పుచ్చుకొని బట్టా యని పేరుపెట్టి, స్థలము విడిచి పోయినవారికి జీతముమీద అదనముగ సొమ్మిచ్చిరి. బత్తెమునకు మూలము భక్తమని కొందఱు, భృతి యని కొందఱు; కన్నడమున భత్తమనగా వడ్లు. ఇందొక చమత్కారము కలదు. నాణెముల మార్పిడిలో విఱుచుకొను వట్టమును గూడ ఆంగ్లేయులు బట్టా యనియే వ్రాసిరి. పైన కలుపునదానికి ఒకటే పేరు, లోపల తీయుదానికి నదే పేరు. కంపెనీ చరిత్ర నెఱిగినవారికి ఈ గందరగోళము వట్టి ఉచ్చారణదోషముగ తోచదు.

బట్టాకై మొట్టమొదట గొప్ప కల్లోలము చేసినవారు సిపాయిలు గారు, తెల్లదొరలు. 1757లో ప్లాసీ యుద్ధము తరువాత మీర్‌జాఫరు వంగదేశపు సేనాధికారులకు రెట్టింపు బట్టా యిచ్చెను. నవాబు సొమ్ముతో మొదలైనది కంపెనీ సొమ్ముమీదికి వచ్చిపడెను. దానిని క్లైవు 1766 జనవరి 1 నుండి నిలిపెను. సుమారు రెండువందలమంది అధికారులు ఒక్కనాడే రాజీనామా లిచ్చుటకు కట్టు కట్టిరి. క్లైవు చెన్నపట్నము నుండి అధికారులను రప్పించి, సిపాయిల బలమున నిలిచి, కట్టు విఱిచెను. దీనిలో చేతులు కలిపినందులకు పదవి పోగొట్టుకొనిన సర్ రాబర్టు ఫ్లెచరు మరల కొలువు సంపాదించి, తరువాత చెన్నపట్నమున సేనాధిపతియే యయ్యెను! అప్పుడు క్లైవును విడువని సిపాయిలలో మన తీరమునుండి పోయినవారు చాలమంది. ఉత్తరదేశమున సిపాయికి తిలంగా యను పేరు నిలిచినది వారివలననే.

దొరల తప్పు మన్నింపబడినట్లు సిపాయిల తప్పు మన్నింపబడలేదు. 1843లో సింధుదేశమును ఆంగ్లేయులు గెలిచి తమ రాజ్యమున కలుపుకొనిరి. అంతవఱకు సింధు పరదేశము గనుక అచటికి పోయిన సిపాయికి అదనపు బట్టా కలదు. కలుపుకొనిన పిమ్మట అది స్వదేశమయ్యెను. స్వదేశమున బట్టా లేదనిరి. దేశమును గెలిచినందులకు గెలిచినవాని బత్తెము పోయినది. మండుటెండ తగ్గలేదు, ధర తగ్గలేదు, ఇంటికి దూరము తగ్గలేదు. పటము మీది రంగు మాత్రము మాఱినది. బెంగాలు 34వ పటాలము బట్టా లేనిదే పోమని నిలిచినందున 1844లో దానిని మీరట్టులో రద్దు చేసిరి. అదే సంవత్సరము మన మదరాసు సైన్యములోని 47వ పటాలమును సింధుకు పంపిరి. పోవునపుడు మదరాసు గవర్నరు వారికి బర్మాలో నిచ్చినట్టి బట్టా యిత్తునని మాట యిచ్చెను. పై ప్రభుత్వము ఆ మాటను త్రోసివేసెను. ఈ సంగతి బొంబాయిలో ఓడ దిగిన పిమ్మట సిపాయిలకు తెలిసెను. ఇంటికడ ఆలుబిడ్డల క్రింద జీతములో కొంత వ్రాసియిచ్చి వచ్చినవారు వారు. తమకు మిగులునది తమ పొట్టకే చాలదు. కవాతు మైదానముననే కేకలు వేసిరి. ముందు నిలిచినవారిని పట్టుకొనిరి. తక్కినవారికి కొంత సొమ్ము బయానాగ నిచ్చి శాంతింపజేసిరి. కవాతులో కేక వేయుట తప్పే. మాట యిచ్చి పంపి, నడుసంద్రము దాటించిన తరువాత లేదనుట ఆ తప్పునకు తండ్రి యని నే ననుకొందును.

పిమ్మట సిపాయి జీతము 1895లో 9 రూపాయలును, తరువాత 11 రూపాయలును అయినది. ధరలు మిక్కిలి హెచ్చినచో కఱవుభత్య మిచ్చుచు వచ్చిరి. యుద్ధరంగమున గ్రాస ముచితమే. శాంతికాలమున మాత్రము సిపాయి తన తిండి తాను చూచుకొనవలెను. మొదటి ప్రపంచయుద్ధము నడుచుచుండ, మనుష్యులు చాలక, 1917లో శాంతికాలమునను భారతీయ సిపాయికి ఉచితగ్రాస మిచ్చుట కారంభించిరి. ఇంగ్లండులో రాయితీ లెట్లు వచ్చినవో ఇచటను నట్లే వచ్చినది. మనుష్యుడు దొరకనప్పుడు వాని పొట్ట ప్రభువులకు జ్ఞప్తికి వచ్చును.

ఇదంతయు గతించిన కథ యనుకొనుచున్నారేమో. అమెరికా సంయుక్తరాష్ట్రముల సంగతి వినుడు. అచట సేన పుట్టిన సంవత్సరముననే, 1775 నవంబరు 4న, భటునకు దినమునకు ఒక పౌను ఎద్దుమాంసము లేక ముప్పాతిక పౌను పందిమాంసము లేక ఒక పౌను ఉప్పుచేప, ఒక పౌను రొట్టె, ఇంకను బఠానీలు, పాలు, బియ్యము ఇంతింతయని శాసించిరి. ఉచితముగనే. అయితే కాలక్రమమున సేనలోని మెస్సులో తినక, ఇంట తినువారు చాలమంది యైరి. వారికి కూటికి బదులు సొమ్ము. ఆ భత్యము 2024లో భటులకు నెలకు 460 డాలర్లు; ఆఫీసర్లకు అంతకన్న తక్కువ, 317 డాలర్లకు కొంచెము లోపు. బారకులలో నుండు చిన్న భటులకు దీనిని జమ వ్రాసి, వెంటనే చాలభాగము మెస్సు కూటిక్రింద ఖర్చు వ్రాయుదురు. ప్రోకులసు చిట్టాయే!

ఇక ఇంట తినువారి మాట. హవాల్దారువంటి వాడొకడు ఆలుబిడ్డలతో కాపురమున్నాడు. వానిని పటాలముతో కూడ నెలరోజులు అడవిలో క్షేత్రశిక్షణమునకు తీసికొనిపోవుదురు. అచట వండి తెచ్చిన కూడో, కాగితపుసంచులలో బిగించిన కూడో పెట్టుదురు. ఈ సంచికూడు 1981 నుండి వాడుకలో నున్నది. ఒక్కొక్క సంచి సుమారు 1250 కేలరీలు. మందుపొడి గల చిన్న తిత్తిలో నీరు పోసిన నిప్పు లేకయే వేడెక్కును. మంచి యుక్తియే. ఆ పూటలకు వాని భత్యములోనుండి దినలెక్కన సొమ్ము పట్టుకొనెడివారు. తినినను తినకున్నను, అందుబాటులో నుంచిన పూట లెక్కకు వచ్చెడిది. పనివలన పూట తప్పినయెడల అర్జీ వ్రాసికొని తిరిగి రాబట్టుకొనవలసియుండెను.

ప్రభుత్వపక్షమున చెప్పిన దిది: ఆ భత్యము భటుని యొక్కని కూటికి, కుటుంబమునకు గాదు, కూడు మేమే పెట్టినపుడు కూటిసొమ్మును గూడ పుచ్చుకొనుట రెండు మాఱులు తీసికొనుట. లెక్కగ చూచిన నీ వాదము బలమైనదే. వారి ప్రక్క నిలిచి ఇంకొక మాట చెప్పవచ్చును: కోత లేనియెడల, ఇంట తినువానికి కూడును సొమ్మును రెండును ముట్టి, బారకులో నున్న చిన్నవానికి కూడు మాత్రమే ముట్టును, ఒక్క పంక్తిలో పరపక్షపాతము. ఈ ఆక్షేపణ కాదనరానిది.

అయినను పొయ్యి నెఱిగినవారికి తెలియును. నలుగురున్న యింట నొకడు నెలరోజులు లేనంత మాత్రమున కట్టెల ఖర్చు, నూనె ఖర్చు నాలుగవవంతు తగ్గదు. ఇంటనున్నపుడు వాడు మార్కెట్టులో ఏది చౌకయో చూచి కొనుక్కొనును. అడవిలో వానికి ఎన్నిక లేదు. తొలుత చెప్పిన పొలము లెక్కయే యిది. ఇంటికి పోయి తినివచ్చెదనను కూలివానికి నీ వన్నము పెట్టి వెల యడిగిన నది వ్యాపారము. వాడు కావలెనన్న కొనును, వలదన్న మానును. పోలేని చోటికి తీసికొనిపోయి పెట్టి వెల యడిగిన, వానికి వలదనుటకు త్రోవ లేదు. యుద్ధాభ్యాసము ఆ భటుడు తన సంతోషమునకు పోయిన తీర్థయాత్ర గాదు గదా! వాదములో ప్రభుత్వమునకు మార్కులు హెచ్చు వేయవచ్చును. తీర్పు మాత్రము నేను భటుని పక్షమున చెప్పుదును. బారకులోని చిన్నవానితో సమానత కావలెనన్న, పెద్దవాని భత్యము కోయుటకన్న చిన్నవాని చేతికిని కొంత యిచ్చుట మేలు.

ఇంకొక సంగతి బారకుల లెక్కలో బయటపడినది. అమెరికా సైన్యపు 11 పెద్ద దండుల ఖాతాలను ఒక వార్తాసంస్థ పరిశీలించి 2025లో ప్రకటించెను. 2024లో భటుల భత్యములో కూటిక్రింద పట్టుకొనినది సుమారు 22 కోట్ల 50 లక్షల డాలర్లు. కూటిమీద ఖర్చైనది అందులో మూడవవంతు మాత్రమే. 15 కోట్ల డాలర్లకు పైగ కూటిమీద ఖర్చు కాలేదని వ్రాసిరి. ఆ సొమ్ము సైన్యపు ఇతరవ్యయములలో కలిసిపోవునట. దొంగిలించిరని యెవరు ననలేదు. పట్టు ఖాతా వేఱు, పెట్టు ఖాతా వేఱు. ఒకదానిమీద కూర్చున్న గుమాస్తా రెండవదానిని చూడనవసరము లేదు. జెనీవా కాగితములోని 80 ద్రాక్మాల పద్దును చూచినపుడు నాకు కలిగిన సందేహమే, పందొమ్మిది శతాబ్దములు దాటి, ఈ లెక్కలో నుత్తరము చెప్పినట్లున్నది.

అమెరికాలో ఒక కోత మాత్రము ప్రజలు విన్నవెంటనే పోయినది. ఇరాకు యుద్ధకాలమున, 2003లో, గాయపడి ఆసుపత్రిలో 26 దినములున్న నౌకాసేనాభటు నొకనికి, వెళ్లునపుడు, దినమునకు 8 డాలర్ల 10 సెంట్ల చొప్పున 210 డాలర్ల 60 సెంట్లు కూటివెల కట్టుమని చీటి యిచ్చిరి. వాదము పాతదియే: నీకు భోజనభత్య మున్నది, ఆసుపత్రిలో మేము పెట్టితిమి. ఫ్లోరిడా రాష్ట్రమునుండి ప్రతినిధిసభలో సభ్యుడైన బిల్ యంగు ఈ సంగతి విని ఆ చీటి సొమ్మును తన జేబునుండి కట్టి, సభలో శాసనము తెచ్చెను. యుద్ధమున గాయపడినవారి యెడ ఆ వసూలు ఆ సంవత్సరమే నిలిచిపోయెను. లెక్కగ చూచిన అడవిలోని హవాల్దారునకును ఆసుపత్రిలోని భటునకును వాదమున భేదము లేదు. గాయము కంటికి కనబడినది, అది భేదము.

మన దేశపు సంగతి యొకటి చెప్పి విరమించెదను. స్వతంత్ర భారతసైన్యమున జవానులకు గ్రాసము వస్తురూపమున నుచితముగ ముట్టుచున్నది. ఆఫీసర్లకు శాంతిస్థలములలో ఉచిత సరకు లిచ్చుట 1983లో మొదలైనది. 2017లో వానిని నిలిపి, దినమునకు సుమారు 96 రూపాయల చొప్పున సొమ్మిచ్చిరి. ఆ 96 రూపాయలకు మునుపటి సరకులు రావని ఆఫీసర్ల యిండ్ల ఆడువారు లెక్కలు వేసి చూపిరనుట సహజమే. రెండేండ్లు అర్జీలు నడచి, 2019లో సరకులు మరల పునరుద్ధరింపబడినవి. ఎల్లలలోను క్షేత్రస్థలములలోను నున్నవారికి మాత్ర మా రెండేండ్లును సరకులు యథాప్రకారము ముట్టుచునే యుండెను.